లీదియా గార్మెంట్స్ తరఫున

లీదియా మూడుసార్లు టెండరు వేసింది. మూడోసారి గెలిచింది అని ఎవరికైనా చెబితే అబద్ధం కాదు. నేను ఎవరికీ చెప్పలేదు.

నడిసముద్రపు దీవుల్లో, గరాచర్మ అనే ఊళ్ళో మా ఇంటి వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో కుట్టుమిషన్లు, గుడ్డ కోసే పొడవాటి బల్ల, ఒక ఇస్త్రీపెట్టె. గుమ్మం మీద 'లీదియా గార్మెంట్స్' అన్న బోర్డు. కాళమ్మ, దుర్గ, ఇంకొందరు ఆడవాళ్ళు పొద్దున్నే వచ్చి చీకటి పడేలోపు వెళ్ళేవారు. జాకెట్లు, కర్టెన్లు, క్రిస్మస్‌కి పిల్లల గౌన్లు. వాటితో షెడ్డు నడిచేదే గాని నిలదొక్కుకునేది కాదు. వానలు మొదలైతే పని సగానికి పడిపోయేది. అప్పుడు ఎవరిని రావద్దనాలో తేల్చుకోలేక లీదియా అందరినీ రమ్మనేది. ఉన్న పనినే పంచేది. మాకు పిల్లలు లేరు. ఆమె రోజంతా ఆ షెడ్డులోనే ఉండేది.

ఏడాది పొడుగునా పని కావాలంటే ప్రభుత్వమే ఇవ్వాలని ఆమెకు తోచింది. ఆసుపత్రికి దుప్పట్లు, గలీబులు, రోగుల గౌన్లు కుట్టి ఇచ్చే పని.

"స్కూల్ యూనిఫాంలకి వేద్దాం దీదీ, అదైతే ఇంకా ఎక్కువ కదా?" అని దుర్గ అడిగింది.

"మీ మాస్టారు పని చేసేది ఆ డిపార్ట్‌మెంటులోనే. మొగుడున్న చోట పెళ్ళాం టెండరు వెయ్యకూడదంట. యూనిఫాంలు మనకి ఏదెను తోట పండు," అంది లీదియా.

నేను ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెబుతాను. ఊళ్ళో అందరిలాగే ఆమె కూడా నన్ను మాస్టారూ అనే పిలిచేది.

టెండరు సంగతులన్నీ నేర్పింది గోపీచంద్. అతనికి డైరీ ఫార్మ్ అనే పేటలో బట్టల దుకాణం ఉంది, చిన్నచిన్న కాంట్రాక్టులు కూడా చేస్తాడు. లీదియా గుడ్డ అతని దగ్గరే కొనేది.

"మీది చిన్న ఫర్మ్, పైగా ఓనరు లేడీ. డిపాజిట్టు మాఫ్, ఫీజు మాఫ్. మాలాంటి మగాళ్ళకి చూస్తే ఏడుపొస్తుంది దీదీ," అనేవాడు.

"మరి రెండుసార్లు ఎందుకు ఓడిపోయాం?"

"మాఫ్ అయ్యింది ఫీజు. పోటీ మాఫ్ కాలేదు కదా."

మొదటిసారి ఏదో ధ్రువపత్రం తగ్గిందన్నారు. రెండోసారి మేమిచ్చిన దుప్పటిని పరీక్షకని ఉతికితే ముడుచుకుపోయింది. అందుకని మూడోసారి లీదియా గుడ్డని ముందే తడిపి, ఆరబెట్టి, ఆ తర్వాతే కోయించాలనుకుంది. అది జూన్ నెల. మా దీవుల్లో జూన్‌లో చేతిరుమాలు కూడా ఆరదు.

"లీదమ్మా, ఈ గుడ్డ ఆరేసరికి నాకు పళ్ళూడిపోతాయి. ఇలాగే కోసీమంటావేటి?" అని కాళమ్మ గొణిగింది. ఆమె వయసులో మా ఇద్దరికన్నా పెద్దది. శ్రీకాకుళం వైపు నుంచి చిన్నప్పుడే ఓడెక్కి వచ్చింది. ఆ యాస మాత్రం ఓడ దిగలేదు.

"తడి మీద కోస్తే తర్వాత కూర్చుని ఏడవాలి కాళమ్మా."

"ఇప్పుడు నిలబడి ఏడుత్తన్నాం కదా."

చివరికి లీదియా పాస్టరుగారిని అడిగి చర్చి హాలు తీసుకుంది. అక్కడ పెద్ద ఫ్యాన్లున్నాయి. తాళ్ళు కట్టి, హాలు నిండా తెల్లగుడ్డ ఆరేశారు. బుధవారం ఉపవాస ప్రార్థన ఆ దుప్పట్ల మధ్యనే జరిగింది. ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఎవరికీ కనబడలేదు. ప్రార్థన ముగిశాక పాస్టరుగారు రెండు దుప్పట్ల మధ్య నుంచి మొహం బయటపెట్టి, "లీదియమ్మా, నీ టెండరు సంగతి కూడా ప్రభువుకి చెప్పాను. ఆదివారానికి మాత్రం ప్రసంగం చెప్పే నా పులిపీఠం నాకిచ్చెయ్యాలి," అన్నారు. ఆమె నవ్వు దుప్పట్ల వెనక ఎక్కడినుంచో వినబడింది.

శాంపిళ్ళు ఇచ్చేశాక ధరని కంప్యూటరులో దాఖలు చేయాలి. అందుకు ఆమె పేరున ఒక డిజిటల్ సంతకం ఉంది. బొటనవేలంత పరికరం, టోకెన్ అంటారు. దాన్ని లాప్‌టాప్‌కి గుచ్చి పాస్‌వర్డ్ కొడితే ఆమె సంతకం పెట్టినట్టే. ఆ పని నాది. నేను ఇంటి వరండాలో కూర్చునేవాణ్ణి. ఆమె షెడ్డులోంచి, మిషన్ల చప్పుడు మీదుగా, ఒక్కొక్క అక్షరం అరిచి చెప్పేది. ఆమె తడబడితే దుర్గ అందించేది. ఆ పాస్‌వర్డ్ షెడ్డులో అందరికీ వచ్చు. ప్రహరీ అవతలి వాళ్ళకి కూడా వచ్చేమో.

"ఈ ఆర్డరొస్తే నేను మా అన్నయ్య వాళ్ళింట్లోంచి వచ్చేస్తా దీదీ. ఓ గది చూసుకుంటా," అంది దుర్గ ఆ రోజు. ఆమె భర్తని వదిలి వచ్చి అన్నగారింట్లో ఉంటోంది. వంటింట్లో పడుకుంటుంది.

"గది చూసి ఉంచుకో, అడ్వాన్స్ మాత్రం ఇవ్వకు," అంది లీదియా.

ఆ తర్వాతి వారంలో ఒక మధ్యాహ్నం కుండపోతగా వాన పడింది. కాలవ పొంగి షెడ్డులోకి నీళ్ళొచ్చాయి. నేను బడి నుంచి వచ్చేసరికి ఆడవాళ్ళంతా గుడ్డ తానుల్ని మోసి మా ఇంట్లోకి చేరవేస్తున్నారు. లీదియా మోకాళ్ళ లోతు నీళ్ళలో చెప్పుల్లేకుండా నిలబడి ఉంది. తానులన్నీ దక్కాయి. ఆమె మడమ దగ్గర ఏదో రేకు గీసుకుంది. పసుపు పెట్టుకుంది.

కొన్నాళ్ళకి జ్వరం వచ్చింది. ఒళ్ళు నొప్పులంది. కుట్టేవాళ్ళకి ఒళ్ళు నొప్పులు కొత్తా అని మాత్ర వేసుకుని మళ్ళీ షెడ్డులోకి వెళ్ళింది. కళ్ళు పచ్చబడినప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు లెప్టో అన్నాడు. వానాకాలంలో ఈ దీవుల్లో అందరికీ తెలిసిన జబ్బే. మురికినీళ్ళలోంచి, గాయంలోంచి లోపలికి వస్తుంది. మూత్రపిండాల దాకా వెళ్ళిందని, చేయగలిగింది చేస్తామని చెప్పాడు. వాళ్ళు చేశారు కూడా.

ఆమె ఆసుపత్రిలో ఉండగానే ధరలు తెరిచారు. ఆ కబురు గోపీచంద్ స్వయంగా వచ్చి చెప్పాడు. చెన్నై కంపెనీ ఒకటి అందరికన్నా తక్కువకి వేసింది. మేము రెండో స్థానంలో ఉన్నాం.

"పోయిందన్నమాట," అన్నాను.

"అరే మాస్టారూ, పోలేదు. అసలు ఆట ఇప్పుడే," అన్నాడు. చిన్న సంస్థ ధర అందరికన్నా తక్కువ ధరకి దగ్గరలో ఉంటే, ఆ తక్కువ ధరకే నువ్వూ ఇస్తావా అని ఒకసారి అడగాలట. అది రూలు. ఒప్పుకుంటే ఆర్డరులో కొంత భాగం ఆ చిన్న సంస్థకి ఇచ్చి తీరాలి. "పెద్దవాళ్ళని మనం ధరలో కొట్టలేం. ఈ తలుపులోంచే లోపలికెళ్ళాలి. బస్, వాళ్ళు అడిగిన రోజున దీదీ సంతకంతో హాఁ అనాలి."

లీదియా కళ్ళు మూసుకునే వింటోంది. అతను వెళ్ళాక నా చెయ్యి పట్టుకుంది.

"అడుగుతారు మాస్టారూ. అడిగితే ఒప్పుకోండి."

"ఆ ధరకి మనకి మిగిలేదేమీ ఉండదేమో లీదియా."

"మిగలక్కర్లేదు. ఏడాది పొడుగునా పని ఉంటుంది. ఎవర్నీ రావద్దనక్కర్లేదు."

ఆదివారం, చర్చిలో ఆరాధన జరుగుతున్న వేళకి ఆమె వెళ్ళిపోయింది. నేను పక్కనే ఉన్నాను. నర్సు వచ్చి ముందు ఫ్యాన్ ఆపేసింది. అప్పుడు నాకు తెలిసింది.

సోమవారం వానలోనే సమాధి చేశాం.

మా వాళ్ళలో ఎవరు పోయినా జంక్షన్లో ఫ్లెక్స్ కడతారు. ఫోటో, పేరు, దాని కింద 'ప్రభువునందు నిద్రించినది' అన్న మాట, జ్ఞాపకార్థ కూడిక తేదీ. ఆంధ్రా నుంచి వచ్చిన వాళ్ళం కులం మతం ఏదైనా ఈ ఒక్క విషయంలో అందరం ఒకటే. బొమ్మ లేకుండా చావు పూర్తికాదు. సంఘంలోని కుర్రవాడు లాయిడ్ శ్మశానం దగ్గరే నన్ను ఫోటో అడిగాడు. తర్వాత ఇస్తానన్నాను. ఇంట్లో ఆమె ఫోటోలు చాలానే ఉన్నాయి. వాటిలోంచి ఒకటి తీయడం ఆ రోజు నావల్ల కాలేదు.

గురువారం ఆమె ఫోను మోగింది. ఆసుపత్రి స్టోర్స్ ఆఫీసు నుంచి సందేశం. తక్కువ ధరకి సమ్మతమేనా, సోమవారం సాయంత్రంలోగా పోర్టల్‌లో తెలపండి.

ఎలా తెలిసిందో, గోపీచంద్ గంటలో వచ్చాడు. కుర్చీలో కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు.

"మాస్టారూ, ఈ టైములో ఇలా అడగడం తప్పే. కానీ దీదీ పేరున ఉన్న ఫర్మ్ దీదీతోనే ఖతమ్. ఆవిడ లేదని వాళ్ళకి తెలిస్తే ఛాన్స్ క్యాన్సిల్. తెలియకపోతే సోమవారం లోపు మీరు టోకెన్ పెట్టి హాఁ నొక్కుతారు, పాస్‌వర్డ్ మీకు తెలుసు. ఆర్డరు చేతికొచ్చాక నిదానంగా ఫర్మ్ మా కావేరి పేరు మీదికి మార్చుకుందాం. లేడీయే కదా. పక్కా."

కావేరి అతని భార్య. కుట్టు సూది ఎప్పుడూ పట్టని మనిషి.

"ఇంకొక్కటి. ఫ్లెక్స్ వద్దు. స్టోర్‌కీపరు మన జంక్షన్లోనే బస్సెక్కుతాడు. దీదీ శాంపిళ్ళు పట్టుకుని రెండుసార్లు వాళ్ళాఫీసుకి వెళ్ళింది, మొహం గుర్తుపడతాడు. సోమవారం దాకా ఆపండి. ఆ తర్వాత జంక్షన్ అంత పెద్దది నేనే కట్టిస్తా."

షెడ్డులో మిషన్లు ఆగిపోయాయి. వాళ్ళు వింటున్నారని తెలిసింది. సరేనన్నాను. లాయిడ్‌కి ఫోన్ చేసి, ఫ్లెక్స్ ఇప్పుడే వద్దు బాబూ అన్నాను. ఎందుకంకుల్ అని అతను అడగలేదు.

శనివారం మధ్యాహ్నం వరండాలో లాప్‌టాప్ తెరిచాను. టోకెన్ గుచ్చి పాస్‌వర్డ్ కొట్టాను. ఈసారి ఎవరూ అరిచి చెప్పలేదు. పేజీ తెరుచుకుంది. పైన 'స్వాగతం, లీదియా' అని ఉంది. కింద రెండు గడులు. సమ్మతమే. సమ్మతం కాదు.

ఇది మోసం కాదని నాకు నేను చెప్పుకున్నాను. ఒప్పుకోమని ఆమే చెప్పింది. మాట ఆమెదే, వేలు మాత్రం నాది. తరగతిలో ఏ పిల్లవాడైనా ఇలాంటి సమాధానం రాస్తే ఏమని దిద్దుతానో కూడా ఆలోచించాను. దుర్గ గది గుర్తొచ్చింది. ఎవర్నీ రావద్దనక్కర్లేదు అన్న మాట గుర్తొచ్చింది. గడి మీదికి బాణం గుర్తు తీసుకెళ్ళాను. నొక్కితే ఆ పేజీ పోయి వేరే పేజీ వస్తుంది. స్వాగతం అన్న చోట ఆమె పేరు ఇంకాసేపు ఉండాలనిపించింది. సోమవారం దాకా గడువుందిలే అని అలాగే చూస్తూ కూర్చున్నాను. కరెంటు పోయింది.

ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరాను. జంక్షన్లో జనం ఆగి చూస్తున్నారు.

బస్టాపు పక్కన, రెండు ఇనప స్తంభాలకి కట్టి, లీదియా ఉంది. శాంపిల్ దుప్పటి మడతని గుండెకి ఆనించుకుని పట్టుకున్న ఫోటో. షెడ్డులో దుర్గ తన ఫోనుతో తీసింది. శాంపిలు ఇవ్వడానికి ఆసుపత్రికి బయల్దేరే ముందు, దానితో ఒక ఫోటో ఉండాలి దీదీ అని పట్టుబట్టి తీసింది. వాన చినుకులు ఆ మొహం మీదుగా జారుతున్నాయి. ఒక ఆటోవాడు బండి ఆపి, తల మీది టోపీ సవరించుకుని, ఏదో చదువుకుని వెళ్ళిపోయాడు. చేపల గంప ఆవిడ గంప దించి దణ్ణం పెట్టింది. కింద 'లీదియా గార్మెంట్స్ తరఫున' అని అచ్చయి ఉంది.

ఆ స్తంభం పక్కనే కాళమ్మ గొడుగేసుకుని నిలబడి ఉంది. ఆమెతో గోపీచంద్ గట్టిగా మాట్లాడుతున్నాడు. నన్ను చూసి నా దగ్గరికి పరిగెత్తాడు.

"చూశారా మాస్టారూ వీళ్ళ తెలివి! ఆదివారం కాబట్టి సరిపోయింది, స్టోర్‌కీపరు ఇంకా బయటికి రాలేదు. ఇప్పుడే తీయించేద్దాం. తీయడం బాగోదంటారా, టార్పాలిన్ కప్పుదాం. వానకి తడవకుండా అని చెబుదాం. ఒక్క రోజు!"

"టార్పాలినెట్టి మీ దుకానం కప్పుకో బాబూ. లోపలున్న గుడ్డంతా తడిసిపోతంది," అంది కాళమ్మ.

"నీకు విషయం తెలియదమ్మా..."

"నాకు తెల్దా? గురువారం నువ్వు అరిసిన అరుపు గరాచర్మంతా ఇన్నాది."

నేను ఆమె దగ్గరికి వెళ్ళాను. "ఎవరు పెట్టించారు కాళమ్మా?"

"మేమే మాస్టారూ. తలో కొంత ఏసుకున్నాం."

"సోమవారం దాకా ఆగమన్నారని తెలుసు కదా."

"తెలుసు."

"పని పోతుంది."

"పోద్ది." ఆమె గొడుగుని నా తల మీదికి జరిపింది. తను తడుస్తోంది. "మా ముసిలోడు సచ్చినప్పుడు ఈడనే బొమ్మెట్టించినాది ఎవరు? లీదమ్మే కదా. తాగుబోతోడికి అంత బొమ్మ ఎందుకే అంటే, పోయినోడికి పేరుండాలి కాళమ్మా అంది. ఆవిడ పోయి వారమైపోనాది. దారినెల్లేవోళ్ళు, లీదమ్మ ఆసుపత్రి నుంచి వచ్చీసిందా అని నన్నడుగుతన్నారు. నానేటి సెప్పాల? సచ్చిపోయిందని సెప్పుకోడానిక్కూడా ఆఫీసోడు టైమివ్వాలా?"

గోపీచంద్ మొహం తిప్పుకున్నాడు. కాసేపటికి స్తంభానికి కట్టిన తాడు ఒక వైపు వదులైతే తనే బిగించాడు. అతనూ మనిషే.

"దుర్గ ఏది?" అన్నాను.

"షెడ్డులో ఉంది. ఏడుత్తంది."

"ఆమెకిది ఇష్టం లేదా?"

"ఆ ఫోటో ఇచ్చినాదే అది. గది పోయిందనీ ఏడుత్తంది, లీదమ్మ పోయిందనీ ఏడుత్తంది. రెండిటికీ ఒకేపాలి. ఏడవనీండి."

జ్ఞాపకార్థ కూడిక ఆ ఉదయమే జరిగింది. జంక్షన్లో చూసి చాలామంది వచ్చారు. మా సంఘం వాళ్ళు కానివాళ్ళు కూడా వచ్చారు. హాల్లో చోటు చాలక గుమ్మం బయట వానలో నిలబడ్డారు.

సోమవారం బడికి సెలవు పెట్టి స్టోర్స్ ఆఫీసుకి వెళ్ళాను. ఇంట్లో కూర్చుని 'సమ్మతం కాదు' అన్న గడి నొక్కితే సరిపోయేది. కానీ వద్దు అన్నా అది లీదియా సంతకమే అవుతుంది. జంక్షన్లో చనిపోయిన మనిషి ఇక్కడ సంతకం పెట్టదు.

కౌంటరు వెనక రాంచీ వైపు అమ్మాయి ఒకతె ఉంది. లీదియా గార్మెంట్స్ అనగానే మొహం విప్పారింది.

"అరే, ఆప్ లోగ్! మీ శాంపిల్ బహుత్ అచ్ఛా సర్. ఉతికినా అంతే ఉంది, ఒక్క ఇంచీ తగ్గలేదు. మా సర్ అందరికీ చూపించారు," అంది, వచ్చీరాని తెలుగులో. "మేడమ్ ఇంకా పోర్టల్‌లో హాఁ చెయ్యలేదు. ఆజ్ లాస్ట్ డే. కుఛ్ ప్రాబ్లమ్ హై తో మేడమ్‌ని తీసుకురండి, నేనే చేయిస్తాను."

నేను నోరు తెరిచాను.

వారం రోజులుగా, లీదియా లేదన్న మాటని నేను ఎవరికీ చెప్పవలసిన అవసరం పడలేదు. డాక్టరే నాకు చెప్పాడు. సంఘానికి పాస్టరుగారు చెప్పారు. బంధువులకి ఎవరో ఫోన్లు చేశారు. జంక్షన్‌కి కాళమ్మ చెప్పింది. వచ్చిన ప్రతివాళ్ళూ తెలిసే వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ఏమీ తెలియని మనిషి ఎదురుగా కూర్చుని, మేడమ్‌ని తీసుకురండి అనడం ఇదే మొదలు.

"మేడమ్ నహీఁ రహీఁ," అన్నాను.

ముప్ఫై ఏళ్ళుగా తెలుగు చెబుతున్నవాణ్ణి. ఆ మాట హిందీలో వచ్చింది.

ఆ అమ్మాయి లేచి నిలబడింది. బల్ల చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చి కుర్చీ లాగింది. "బైఠియే అంకుల్," అంది. అంతవరకు సర్ అని పిలిచింది. నీళ్ళిచ్చింది. చాలాసేపటి తర్వాత, మెల్లగా, ఇక తను చేయగలిగింది ఏమీ లేదని, సాయంత్రం గడువు దాటితే అదే రద్దయిపోతుందని చెప్పింది. నేను తెలుసన్నాను. కూర్చోవలసిన దానికన్నా ఎక్కువసేపే అక్కడ కూర్చున్నాను.

ఆర్డరు మొత్తం చెన్నై కంపెనీకే వెళ్ళింది. క్రిస్మస్ నాటికి షెడ్డులో ఇద్దరే మిగిలారు. దుర్గ ఇంకా అన్నగారింట్లోనే ఉంది.

ఆ సోమవారం ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. షెడ్డు తలుపు తీసే ఉంది. మిషన్లు నడవడం లేదు. అందరూ ఎవరి మిషను ముందు వాళ్ళు కూర్చుని ఉన్నారు. నేను గుమ్మంలో ఆగాను.

"ఎల్లొచ్చినారా?" అంది కాళమ్మ.

"వెళ్ళొచ్చాను. లీదియా చనిపోయిందని చెప్పాను."

ఈసారి తెలుగులోనే వచ్చింది.

"ఏటన్నారు?"

"కూర్చోమన్నారు."

దుర్గ లేచి, కళ్ళు తుడుచుకుని, తన స్టూలు నావైపు జరిపింది.